ముప్ఫయ్యో వేలిముద్ర

వరహాలమ్మకి వంట కన్నా వేలిముద్రలు పట్టడమే బాగా వచ్చునని ఆవిడ మొగుడు గురువులు ఎకసెక్కమాడేవాడు. ఎకసెక్కమే గానీ అబద్ధం కాదు. కంచరపాలెంలో రైలు పట్టాలకి ఆనుకుని ఉన్న ఆ నాలుగు సందుల్లో పొదుపు సంఘాలన్నిటినీ చూసుకునే ఆర్పీ ఆవిడ. పద్నాలుగేళ్ళుగా అదే పని. మెడలో గుర్తింపు కార్డు, చంకలో ట్యాబు, చేతిసంచిలో అగ్గిపెట్టంత వేలిముద్రల మిషను. తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళి, అంట్లు తోముకుంటున్న ఆడమనిషి చెయ్యి అందుకుని, తన కొంగుతోనే తడి తుడిచి, బొటనవేలు మిషను మీద నొక్కి, పచ్చలైటు వెలగ్గానే బయటపడేది. ఎందుకూ ఏమిటీ అని అడిగినవాళ్ళు లేరు. వరహాలక్క వచ్చిందంటే సంఘం పనే అయివుంటుందని వాళ్ళ నమ్మకం.

ఆవిడ పనిచేసే చోట ఉపాధి శిక్షణలు ఎలా నడిచేవో ముందు చెప్పాలి. లేకపోతే మిగతాది ఎవరూ నమ్మరు. మనుషుల్ని పోగుచేసేది ఒక ఆఫీసు. వాళ్ళకి పని నేర్పించేది ఇంకో ఆఫీసు. నేర్చుకున్నవాళ్ళకి ఉద్యోగం వచ్చిందని రాసేది మూడోది. ఆ ఉద్యోగం ఇచ్చిన కొట్టో కంపెనీయో నిజంగా ఉందని ఒప్పుకునేది నాలుగోది. నాలుగు ఆఫీసులూ ఒకే బిల్డింగులో, ఒకే మెట్ల దారిలో, అంతస్తుకొకటి. అయినా పై అంతస్తు మనిషికి కింది అంతస్తు మనిషి ఎదురైతే ముఖం తిప్పుకుని పోతాడు. ఒక బ్యాచీకి కుర్చీలు కావాలని వరహాలమ్మ ఆ మెట్లు ఏడుసార్లు ఎక్కి దిగింది. కుర్చీలు వచ్చేసరికి బ్యాచీ అయిపోయింది.

రెండేళ్ళ కిందట బ్యూటీషియన్ కోర్సు ఒకటి వచ్చింది. నలభై అయిదు రోజులు, ముప్ఫై మంది ఆడవాళ్ళు. ముప్ఫైకి ఒక్కరు తగ్గినా బ్యాచీ రద్దు. వరహాలమ్మ కాలికి బలపం కట్టుకుని తిరిగితే ఇరవై తొమ్మిది మంది దొరికారు. సాయంత్రం అయిదింటికి పేర్ల నమోదు మూసేస్తారనగా, ఆవిడ పరుగున ఇంటికి వచ్చింది. కూతురు నిఖిత అప్పుడు డిగ్రీ ఆఖరి ఏడాది, మంచం మీద బోర్లా పడుకుని ఫోను చూసుకుంటోంది. "ఒలే, ఏలొకసారి ఇలగియ్యి" అంది తల్లి. ఆ పిల్ల తల ఎత్తకుండానే చెయ్యి చాపింది. అలా ముప్ఫై నిండింది.

తొమ్మిది రోజులు క్లాసు బాగానే జరిగింది. పదో రోజున నేర్పించే టీచరమ్మకి వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోయింది. ఇంకో టీచరుని పంపమని రెండో అంతస్తు వాళ్ళని అడిగితే, మొదటి అంతస్తు నుంచి ఉత్తరం రావాలన్నారు. ఆ ఉత్తరం ఈ రోజుకీ రాలేదు. మిషను మాత్రం ఆగదు కదా! ఒక్క రోజు హాజరు పడకపోయినా బ్యాచీకి మంగళం పాడేస్తారు. కనక మనుషులు క్లాసుకి రావడం మానేసి, క్లాసే మనుషుల దగ్గరికి వెళ్ళింది. ముప్ఫై ఆరు రోజులపాటు వరహాలమ్మ ఇంటింటికీ తిరిగి హాజరు పట్టింది. కూతురిది మాత్రం మొదటి రోజు నుంచీ ఇంట్లోనే. పొద్దున్నే ఆ పిల్ల ఎడమచేతికి కాఫీ గ్లాసు ఇచ్చి, కుడిచేతి వేలు మిషను మీద పెట్టించుకునేది.

ఇందులో తప్పుందని ఆవిడకి తోచలేదు. అందరూ చేసేదే. పైగా ఆ ముప్ఫై మందికీ ఉద్యోగాలు వచ్చేశాయని మూడో అంతస్తు వాళ్ళు రాసేశారు, ఆ పార్లర్లన్నీ ఉన్నాయని నాలుగో అంతస్తు వాళ్ళు సంతకం పెట్టేశారు. నూటికి నూరు శాతం అని ఆవిడకి ఒక సభలో శాలువా కప్పి ఫొటో తీశారు. ఆ లిస్టులో ఎవరికి ఎక్కడ ఉద్యోగం వచ్చిందో ఆవిడ చదవనే లేదు. చదివితే, తన కూతురు పెందుర్తిలో మెరుపు బ్యూటీ పార్లర్ అనే చోట పనిచేస్తోందని తెలిసేది. పెందుర్తిలో అలాంటి పార్లరు ఎప్పుడూ లేదు.

డిగ్రీ అయ్యాక నిఖిత ఏడాది ఖాళీగా ఉంది. తర్వాత ఒకరోజు, నాను వెల్డింగు నేర్చుకుంటానంది. వరహాలమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆడపిల్లవి, కళ్ళు పోతాయి, ఒంటి నిండా మచ్చలు పడతాయి, రేపు నిన్నెవరు చేసుకుంటారని సతాయించింది. గురువులు మాత్రం అడ్డం రాలేదు. పోర్టులో కళాసీగా నడుం విరగ్గొట్టుకున్న మనిషి, చేతిలో పని ఉన్నవాడిని ఎవడూ పొమ్మనలేడని ఒకే మాటన్నాడు.

గాజువాక దాటాక ఒక రేకుల షెడ్డులో ఆర్నెల్ల కోర్సు అది. ఇరవై ఎనిమిది మందిలో ఆడపిల్ల ఒక్కతే. పొద్దున్న ఆరింటికి బస్సెక్కితే రాత్రి ఎనిమిదికి దిగేది. మొదట్లో రాడ్డు ప్లేటుకి అతుక్కుపోయేది, చేతులు బొబ్బలెక్కేవి, కళ్ళు మండుతున్నాయని బంగాళదుంప ముక్కలు పెట్టుకుని పడుకునేది. నాలుగో నెలకి నిలువు అతుకు వేసింది. అయిదో నెలకి పైపు చుట్టూ వేసింది. పరీక్షలో ఆమె వేసిన అతుక్కి ఎక్స్‌రే తీస్తే సూదిమొన పట్టే సందు కూడా కనబడలేదట. ఓడలు మరమ్మతు చేసే యార్డులో పనులు తీసుకునే ఒక కాంట్రాక్టరు తరఫు మనిషి అక్కడే నిలబడి చూసి, ఒకటో తారీకున వచ్చి చేరమన్నాడు. గేటు పాసుకి సర్టిఫికెట్టు నంబరు కావాలి, అంతే.

అప్పుడు వరహాలమ్మ మాట మార్చేసింది. సందు సందంతా తిరిగి, మా గుంటది ఓడలకి అతుకులేస్తాది అని చెప్పుకుంది. ఇన్నేళ్ళూ ఎన్ని బ్యాచీలు నింపిందో, ఎంతమందికి ఉద్యోగం వచ్చిందని సంతకాలు పెట్టిందో! తన చేతుల మీదుగా పోయిన వందలమందిలో నిజంగా పని నేర్చి, నిజంగా కొలువు సంపాదించుకున్న మొదటి మనిషి తన కడుపున పుట్టిందే. ఆ సంతోషంలో ఆవిడకి ఆ మెట్లూ ఆ ఆఫీసులూ కూడా మంచివిగానే కనబడ్డాయి.

సర్టిఫికెట్లు ఇచ్చిన రోజున వరహాలమ్మ కూడా షెడ్డుకి వెళ్ళింది. ఇరవై ఏడు పేర్లు పిలిచారు. నాగవంశీ అనే కుర్రాడు మొత్తం కలిపి పదకొండు రోజులు వచ్చాడు, వాడి పేరూ పిలిచారు. నిఖిత పేరు పిలవలేదు. అడిగితే కంప్యూటరు తిప్పి చూపించారు. ఈమె ఇంతకు ముందే ప్రభుత్వ శిక్షణ పొందినది, ప్రస్తుతం బ్యూటీషియన్‌గా ఉద్యోగంలో ఉన్నది, రెండోసారి అర్హత లేదు, పరిశీలనలో ఉంచడమైనది అని ఉంది. ఆ మాటలు చదవగానే వరహాలమ్మకి సంగతి తెలిసిపోయింది. నిఖితకి ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక తల్లి వైపు చూసింది. బస్సులో కూర్చున్నాక అడిగింది.

"రోజూ కాఫీ అప్పుడు ఏలెట్టించుకునేదానివి కదా, అదేనా?"

"అదేనే అమ్మీ."

"నాను అడగలేదు చూడు, ఏటికని. అదే నాను సేసిన తప్పు."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు కనక వరహాలమ్మ ఆ రాత్రంతా దొర్లుతూనే ఉంది.

మర్నాటి నుంచి ఆవిడ మళ్ళీ మెట్లెక్కింది. ఒకటో తారీకుకి పన్నెండు రోజులున్నాయి. మొదటి అంతస్తు వాళ్ళు మేం పేరు పంపాం అంతే, తీసే బటను మా దగ్గర లేదన్నారు. రెండో అంతస్తు వాళ్ళు మాకు వచ్చిన పేరుకే కదా నేర్పించాం అన్నారు. మూడో అంతస్తులో కూర్చున్న కుర్రాడు, మీ అమ్మాయికి ఉద్యోగం లేదని ఎలా అంటారు, ఇక్కడ ఉంది కదా అన్నాడు. నాలుగో అంతస్తులో మెరుపు పార్లరు ఫొటో కూడా చూపించారు. ఎవరి పార్లరో, ఎక్కడిదో, గాజు తలుపులూ పెద్ద అద్దమూ ఉన్నాయి. పద్నాలుగేళ్ళలో ఒక కుర్చీ గురించి ఒక మాట మీదికి రాని నాలుగు ఆఫీసులు, తన కూతురు ఫేషియల్స్ చేస్తోందన్న సంగతిలో మాత్రం అక్షరం తేడా లేకుండా ఏకమయ్యాయి. వరహాలమ్మకి ఒళ్ళు మండింది. కానీ ఎవరి మీద అరుస్తుంది? ఆ కాగితాల కింద ఉన్న సంతకాల్లో మొదటిది ఆవిడదే.

చివరికి అయిదో అంతస్తుకి వెళ్ళమన్నారు. అక్కడ భీమశంకరరావు అని ఈ నాలుగు శాఖలనూ కలిపి నడిపించడానికి వేసిన సమన్వయ అధికారి ఉన్నాడు. రాజమండ్రి వైపు మనిషి, ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. అంతమందిలో కూర్చోమన్నది ఆయనొక్కడే. కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, మొత్తం విన్నాడు. విని చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"దీనికి ఒకటే దారుందమ్మా. ఆ అమ్మాయి ఒక్క రోజు కూడా ఆ కోర్సుకి రాలేదని, హాజరు తీసినవారు రాసివ్వాలి. తీసింది మీరే కదండీ. నిజం రాసివ్వండి. పాత ఎంట్రీ తీసేస్తే కొత్తది దానంతటదే బయటికొస్తుంది."

"మిగిలినోలకి ఏటీ అవదు కదా బాబూ?"

"ఒక్క పేరు గురించే కదమ్మా. నా టేబులు దాటి పోదు."

ఆయన అబద్ధమాడాడని అనలేం. ఆ టేబులు మీద నుంచి కాగితం ఎటు పోతుందో ఆయనకీ తెలియదు.

ఇంటికి వచ్చి సన్యాసమ్మకి చెప్పింది. సన్యాసమ్మ ఆ ముప్ఫై మందిలో ఒకతె, పక్క సందులోనే ఉంటుంది. ఆ తొమ్మిది రోజుల్లో నేర్చుకున్నదాంతోనే ఇంటి వరండాలో ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక చిన్న బోర్డు పెట్టుకుని కనుబొమలు తీస్తోంది. సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి, సింహాచలం అప్పన్న పటం పక్కన తగిలించింది. ఆ బ్యాచీలో ఎవరైనా బ్యూటీషియన్ అయ్యారంటే ఈవిడొక్కతే. ఒక్క పోగు లాగితే గుడ్డంతా ఊడొస్తాది వదినా, ఆలోసించుకో అంది సన్యాసమ్మ. అన్నాక, నీ గుంటదాని బతుకు కదా, నానేటనగలను అని తనే మళ్ళీ అంది.

వరహాలమ్మ రెండు రోజులు ఆలోచించింది. రాస్తే తన ఆర్పీ పని పోవచ్చు. పోతే పోనీ అనుకుంది. ఆవిడని నిజంగా కోసింది వేరే. ఇన్నేళ్ళలో ఆవిడ ఆఫీసుకి రాసిచ్చిన కాగితాలన్నిట్లో, రాయబోయేదే మొదటి నిజం. ఆ సంగతి తెలిసి సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఒక ధైర్యం కూడా పుట్టింది. ఇన్ని అబద్ధాలు రాస్తే శాలువా కప్పారు, ఒక్క నిజం రాస్తే కూతురికి నంబరైనా ఇవ్వరా అనుకుంది పిచ్చి మనిషి.

తెల్లకాగితం మీద రాసింది. నా కూతురు ఆ శిక్షణకి ఒక్క రోజూ రాలేదు, ఆమె వేలిముద్రలు నలభై అయిదు రోజులూ ఇంట్లోనే నేనే తీసుకున్నాను, తప్పు నాది, ఆమెది కాదు అని. కింద సంతకం పెట్టి, ఎందుకైనా మంచిదని బొటనవేలి ముద్ర కూడా వేసింది. భీమశంకరరావు రెండు చేతులతో అందుకుని, చదివి, స్కాను చేయించాడు.

ఇక చూడండి, ఆఫీసులు పనిచెయ్యలేవని ఎవరన్నారు! రెండేళ్ళయినా ఒక్క ఉత్తరం కదలని చోట, ఆ కాగితం ఒక్క పూటలో నాలుగు అంతస్తులూ తిరిగింది. మొదటి అంతస్తు మధ్యాహ్నానికల్లా వరహాలమ్మని తీసేసింది. రెండో అంతస్తు హాజరు అంతా అనుమానాస్పదమని ముప్ఫై సర్టిఫికెట్లూ రద్దు చేసింది. మూడో అంతస్తు ముప్ఫై ఉద్యోగాలూ కొట్టేసింది. నాలుగో అంతస్తు, తప్పుడు వేలిముద్ర ఇచ్చిన ముప్ఫై మందీ మూడేళ్ళపాటు ఏ శిక్షణకీ ఏ సర్టిఫికెట్టుకీ అనర్హులని ఎర్రగీత పెట్టింది. ఆ ముప్ఫైలో ముప్ఫయ్యో పేరు నిఖితది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆ నాలుగు ఆఫీసులూ ఒక్క మనిషిలాగా పనిచేశాయి.

భీమశంకరరావు ఫోను చేశాడు. సిస్టమే అలా తీసుకుందమ్మా, నా చేతుల్లో లేదు అని నీళ్ళు నమిలాడు. మీరు నిజం చెప్పినందుకు నాకు మీ మీద గౌరవం పెరిగిందండి అని కూడా అన్నాడు. ఆ గౌరవం ఏం చేసుకోవాలో వరహాలమ్మకి తెలియక ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం సన్యాసమ్మ వరండాలో గోడమీద ఫ్రేము లేదు. కుర్చీ లోపల పెట్టేసింది. ఎవరో ఆఫీసు మనుషులు వచ్చి, సర్టిఫికెట్టు లేకుండా బోర్డు పెట్టకూడదన్నారట. వరహాలమ్మ గడప దాకా వెళ్ళింది గానీ లోపలికి వెళ్ళే ముఖం లేక వెనక్కి వచ్చేసింది. పద్నాలుగేళ్ళు తలుపు కొట్టకుండా వెళ్ళిన ఇల్లు అది.

ఒకటో తారీకున తల్లీ కూతుళ్ళిద్దరూ యార్డు గేటు దగ్గరికి వెళ్ళారు. వెళ్ళొద్దని నిఖిత అనలేదు, రమ్మనీ అనలేదు. పరీక్ష రోజున ఆమె అతుకు చూసి రమ్మన్న మనిషే గేటు దగ్గరున్నాడు. అతని పేరు అబ్బులు, కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరు. ఫోనులో ఆమె పేరు కొట్టి చూశాడు. ఎర్రగీత కనబడగానే నాలిక కరుచుకున్నాడు.

"మొన్నటిదాకా పరిశీలన అని ఉన్నాది కదమ్మా. పరిశీలనలో ఉంటే మా లెటరు మీద ఆర్నెల్లు లోపలికి తీసుకుంటాం, ఈలోగా అదే తేలిపోద్ది. చానామంది అలగే వచ్చినారు. ఇప్పుడిది ఎర్రదయిపోనాది. ఇదెవలు సేసినారు?"

నిఖిత తల్లి వైపు చూడలేదు. ఎవరో ఆఫీసులో చేశారని చెప్పింది. వరహాలమ్మ గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూలబడింది. ఊరుకుని ఉంటే సరిపోయేది. ఏ కాగితమూ రాయకుండా, ఏ మెట్టూ ఎక్కకుండా, ఎప్పట్లాగే అబద్ధాన్ని అబద్ధంగా ఉండనిచ్చి ఉంటే, ఈ పొద్దున ఆ పిల్ల లోపలికి నడిచి వెళ్ళేది. తన బతుకులో రాసిన ఒకే ఒక్క నిజం కూతురి చెయ్యి విరగ్గొట్టింది. ఆవిడకి ఏడుపు కూడా రాలేదు, తన మీద తనకి అసహ్యం వేసింది.

అబ్బులు మంచివాడే. చేతిలో పని ఉన్న మనిషిని వదులుకోవడం అతనికీ ఇష్టం లేదు. హెల్పరుగా అయితే సర్టిఫికెట్టు అక్కర్లేదు, గ్రైండింగూ బరువుల మోతా చేసుకో, తర్వాత చూద్దాం అన్నాడు. సరేనని నిఖిత హెల్మెట్టు తీసుకుని లోపలికి వెళ్ళింది. అదే వారం సమన్వయ సభలో వెల్డింగు బ్యాచీకి నూటికి నూరు శాతం ఉద్యోగాలు వచ్చాయని చెప్పి చప్పట్లు కొట్టించారట. ఎర్రగీత పడ్డ మనిషిని లెక్కలోంచి తీసేస్తే నూరు శాతమే కదా.

నెల తిరిగాక ఒక సాయంత్రం నిఖిత పనినుంచి వచ్చి, బూట్లు విప్పి, గోడకి ఆనుకుని కూర్చుంది. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు కొత్తగా ఉన్నాయి. గ్రైండింగు రవ్వలకి ఇంత లోతు మచ్చలు పడవు. ఆర్నెల్లు ఆ చేతులకి కొబ్బరినూనె రాసిన వరహాలమ్మకి ఆ తేడా తెలుసు. కంచం ముందు పెట్టి, అడగనా వద్దా అని తటపటాయించి అడిగింది.

"అతుకులు నువ్వే ఏత్తన్నావా?"

నిఖిత అన్నం కలుపుకుంటూనే చెప్పింది. నాగవంశీ అక్కడే వెల్డరుగా చేరాడట. వాడికి రాడ్డు వెలిగించడమే సరిగ్గా రాదు. పాపం, ఏడుస్తూ వచ్చి అక్కా నువ్వే ఎయ్యి అని బతిమాలుకున్నాడు. అబ్బులుకీ తెలుసు, చూడనట్టు ఊరుకుంటాడు. వాడు గ్రైండరు పట్టుకుంటాడు, ఈమె రాడ్డు పట్టుకుంటుంది. ఓడ మీద వేసిన ప్రతి అతుకు పక్కనా వేసిన మనిషి నంబరు సుద్దతో రాయాలట. రేపు ఎక్కడైనా ఊడితే ఎవరిదో తెలియాలి, బాగుంటే కూడా ఎవరిదో తెలియాలి. నంబరు లేని మనిషికి రాయడానికి ఏముంటుంది?

వరహాలమ్మ కంచంలో ఇంకాస్త కూర వడ్డించింది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, ఇయ్యేల ఎన్నేసావే అమ్మీ అంది.

"ఏడు" అంది నిఖిత. "ఏడూ నాగవంశీవే."